ఒక్క మాటలో చెప్పలేరా?

ఆమధ్య స్త్రీల సాహిత్యం మీద ఒక జాతీయ సదస్సు జరిగింది. భోజనాల తర్వాత పెట్టే సెషన్ ఎలా ఉంటుందో మీకందరికీ తెలుసు. పెద్దవాళ్ల ప్రసంగాలు పొద్దున్నే అయిపోతాయి. మిగిలిన పరిశోధక విద్యార్థులకి మనిషికి పది నిమిషాలు. ఆ సెషన్‌కి అధ్యక్షురాలిని నేను. దళిత కుటుంబం నుంచి వచ్చిన ఒక అమ్మాయి తన ఊరి ఆడవాళ్ల నోట్లో నలిగే తిట్ల గురించి ఇంగ్లీషులో పేపరు చదివింది. ‘ముండమోపి’ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి దాన్ని తెలుగులోనే ఉంచి రెండు వాక్యాల్లో వివరించింది. భర్త పోయిన స్త్రీకి గుండు గీయించిన కులాల నుంచి ఈ తిట్టు వచ్చిందనేది మొదటి వాక్యం. మా కులంలో గుండు గీయించడం లేదు, మారుమనువు కూడా ఉంది, అయినా తిట్టు మాత్రం మా వాడకి నడిచి వచ్చింది అనేది రెండోది.

నేను ఆ రెండో వాక్యం దగ్గరే ఆగిపోయాను. కులం పైనుంచి కిందికి ఆచారం దిగకపోయినా అవమానం ఎలా దిగుతుందో అంత తక్కువలో చెప్పడం నేనెక్కడా చదవలేదు. చర్చ మొదలవగానే ముందు వరసలో కూర్చున్న ఒక సీనియర్ ప్రొఫెసర్ లేచారు. స్త్రీవాదం మీద పుస్తకాలు రాసినావిడే. “మంచి టాపిక్కమ్మా. కానీ ఒక్క మాటలో చెప్పలేవా? ఇంత వివరణ ఎందుకు? నీ వొకాబులరీ పెంచుకోవాలి” అన్నారు. ఎవరో నవ్వారు. అధ్యక్షురాలిని గనక నేనేదైనా అనాల్సింది. టైమ్ అయిపోయిందని మాత్రం అన్నాను.

టీ దగ్గర ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, “వొకాబులరీకి ఏ పుస్తకం చదవమంటారు మేడమ్?” అని అడిగింది. నిజం చెప్తున్నాను, పుస్తకం పేరు నా నాలుక చివరి దాకా వచ్చింది.

ఎందుకంటే ఆ పుస్తకాల మీద నేను బతికాను. ఎమ్మే అయ్యాక, పీహెచ్‌డీ సీటు రాకముందు, 2010లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో జీఆర్‌ఈ వెర్బల్ చెప్పేదాన్ని. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు సాహిత్యంలోకి వచ్చినదాన్ని. నాకు ఆ మాటలంటే భయం, మోజు రెండూ ఉండేవి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న నార్మన్ లూయిస్ ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ అట్ట ఊడిపోయేదాకా చదివాను. 1949లో అమెరికాలో వచ్చిన ఆ పుస్తకం ఇప్పటికీ మన ఫుట్‌పాత్‌ల మీద దొరుకుతుంది. బారన్స్ వాళ్ల 3500 మాటల జాబితా అయితే రోజుకి యాభై చొప్పున బట్టీ పట్టాను. సాయంత్రం సందు చివర బజ్జీల బండి దగ్గర నిలబడి కూడా పెదాలు కదుపుతూ ఉండేదాన్ని.

మా సెంటర్‌లో ఇచ్చే జిరాక్స్ మెటీరియల్‌లో ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు అర్థం. ఒకరోజు ష్రూ, టర్మగెంట్, విరాగో, హారిడన్, విక్సెన్ వచ్చాయి. అయిదింటి పక్కనా ఒకటే అర్థం: గయ్యాళి. గుర్తుపెట్టుకోవడానికి సూర్యకాంతం ఫొటో తలుచుకోమని పాఠం చెప్పాను. క్లాసంతా నవ్వింది. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, “అర్థం ఒకటే అయితే అయిదు మాటలెందుకు మేడమ్? పోనీ, మగ గయ్యాళికి ఏమంటారు?” అంది. రెండు ప్రశ్నలకీ నా దగ్గర జవాబు లేదు. పరీక్షలో రాదులే అని దాటేశాను. పరీక్షలో నిజంగానే రాలేదు. 2011 ఆగస్టులో జీఆర్‌ఈ తన పద్ధతి మార్చి, ఒంటరి మాట ఇచ్చి వ్యతిరేకార్థం అడిగే ప్రశ్నల్ని, అనాలజీల్ని తీసేసింది. లక్షలమంది పిల్లలు నిద్ర మానుకుని నేర్చిన విద్య ఒక్క ప్రకటనతో అక్కర్లేనిదైపోయింది. కానీ జాబితాలు పోలేదు. బ్యాంకు పరీక్షల్లోకి, ‘పర్సనాలిటీ డెవలప్‌మెంట్’లోకి, చివరికి మన సెమినార్ హాళ్లలోకీ వచ్చి కూర్చున్నాయి.

ఆ అమ్మాయి ప్రశ్నలకి జవాబు వెతకడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. టర్మగెంట్ అసలు ఆడదే కాదు. మధ్యయుగాల యూరప్ క్రైస్తవులు, ముస్లింలు కొలిచే దేవుడని కల్పించుకున్న పాత్ర అది. ఏకేశ్వరోపాసకులకి ఒక విగ్రహాన్ని అంటగట్టి, నాటకాల్లో వాణ్ణి కేకలు పెట్టే రౌద్రమూర్తిగా చూపించేవాళ్లు. షేక్‌స్పియర్ హామ్లెట్‌లో కూడా ఆ పేరు వస్తుంది. ముస్లిం మీద ద్వేషంతో పుట్టిన మాట తర్వాత్తర్వాత నోరున్న ఆడదాని మీదికి మళ్లింది. పరాయి మతం వాడూ, అరిచే ఆడదీ ఆ సమాజానికి ఒకే గాటన కట్టదగ్గవాళ్లయ్యారన్నమాట! విరాగో కథ ఇంకోరకం. లాటిన్‌లో ‘విర్’ అంటే మగవాడు. జెరోమ్ లాటిన్ బైబిలులో, పురుషుడి నుంచి తీసినది గనక మొదటి స్త్రీని పిలిచిన మాట అదే. వీరవనిత అన్న అర్థం కూడా దానికి చాలాకాలం ఉంది. మగవాడిలా ధైర్యంగా ఉందన్న మెప్పు, మగవాడిలా మాట్లాడుతోందన్న తిట్టుగా మారడానికి పెద్ద దూరం పోనక్కర్లేదు. ష్రూ అంటే చుంచులాంటి చిన్న జంతువు. దాని కాటు విషమని నమ్మేవాళ్లు. మనుషులకి వాడినప్పుడు మొదట్లో దుర్మార్గుడైన మగవాడికి కూడా అది చెల్లేది. హార్లట్ కూడా అంతే. ఒకప్పుడు దేశదిమ్మరి మగవాడు, తర్వాత వేశ్య. మురియల్ షుల్జ్ ఇలాంటి మాటల్ని వరసబెట్టి, ఆడవాళ్లకి అంటుకున్న మాట కిందికే జారుతుందని 1975లోనే రాసింది. డేల్ స్పెండర్ 1980లో భాషే మగవాడి కట్టడం అని పుస్తకం రాసింది. బ్రిటన్ స్త్రీవాదులు 1973లో ప్రచురణ సంస్థ పెట్టుకుని దానికి విరాగో అనే పేరు పెట్టుకున్నారు. మా జిరాక్స్ కాగితం మీద ఆ ఎదురుతిరగడం గురించి ఒక్క అక్షరం లేదు. గయ్యాళి, అంతే.

లూయిస్ పుస్తకం గురించి ఒక మాట చెప్పాలి. మాటని మూలం నుంచి చెప్పే పద్ధతి ఆయనది. జాబితాల కంటే వెయ్యిరెట్లు నయం. స్త్రీద్వేషి అనే మాట పుస్తకం మొదట్లోనే నేర్పుతాడు. కానీ శత్రువుల్ని తిట్టడం ఎలా అనే అధ్యాయంలో నేర్పే పది మాటల్లో ఒకటి విరాగో. ఆడదాన్ని తిట్టడానికే ప్రత్యేకంగా ఉన్నది ఆ ఒక్కటే.

ఇంగ్లీషుని తిట్టి తెలుగుని నెత్తిన పెట్టుకునే ఉద్దేశం నాకు లేదు. మన ఇల్లు ఏమంత చక్కగా ఉందని? సాని అనే మాట స్వామిని నుంచి వచ్చింది. దొరసాని అన్నప్పుడు ఇంకా ఆ గౌరవం మిగిలే ఉంది. విడిగా సాని అంటే ఏమయిందో మీకు చెప్పక్కర్లేదు. స్వామి గుళ్లోనే ఉన్నాడు, స్వామిని సానివాడకి చేరింది. ఇక వెధవ! మగవాణ్ణి తిట్టాలంటే మనకి దొరికిన మాట విధవ నుంచి పుట్టింది. భార్య పోయిన మగవాడికి విధురుడు అని నిఘంటువులో ఒక మాటుంది, దాంతో ఎవరూ ఎవర్నీ తిట్టరు. సదస్సులో ఆ అమ్మాయి చెప్పబోయింది సరిగ్గా ఈ చరిత్రే. దాన్ని ఒక్క మాటలో పెట్టమన్నాం. పోటీ పరీక్షల పుస్తకాల్లో ‘వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్’ అని ఒక విభాగం ఉంటుంది. ఒక వాక్యం ఇచ్చి, దానికి సరిపోయే ఒకే మాట రాయమంటారు. ముండమోపికి అక్కడ విడో అని రాస్తే ఒక మార్కు. గుండు, గాజులు, కులం, పెళ్లిపందిట్లోకి రానివ్వని చూపు... ఇవన్నీ పోయినందుకు ఇచ్చే మార్కు అది.

నా సిద్ధాంత గ్రంథం మీద పరీక్షకులు రాసిన రిపోర్టులో ఒకరు దాన్ని ‘సెమినల్’ అని మెచ్చుకున్నారు. వారం రోజులు ఆ కాగితం చూసుకుని మురిసిపోయాను. పరిశోధనని మెచ్చుకోవడానికి ఇంగ్లీషులో అంతకంటే పెద్ద మాట లేదనుకునేదాన్ని. సెమెన్ అంటే విత్తనం, వీర్యం. మేధస్సుకి దక్కే మెప్పు మగవాడి బీజం నుంచి వచ్చింది. మరి గర్భాశయం నుంచి ఏం వచ్చింది? గ్రీకులో హిస్టెరా అంటే గర్భాశయం. దాన్నుంచి వచ్చింది హిస్టీరికల్. మా మెటీరియల్ ప్రకారం ‘అదుపు తప్పిన ఉద్రేకం’. బీజం మగవాడిది, ఆడది ఉత్త క్షేత్రం అనే మన శాస్త్రాల ఊహని లీలా దూబే 1986లో ఎంత వివరంగా విప్పి చెప్పిందో మనలో చాలామంది చదివాం, పాఠం చెప్పాం. అదే ఊహ ఇంగ్లీషు మాటల్లో దాక్కుని వస్తే సర్టిఫికెట్‌గా దాచుకున్నాం. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో తన రోగాల పట్టిక నుంచి హిస్టీరియాని తీసేసింది. వొకాబులరీ జాబితాలు ఇంకా తీయలేదు.

ఇక్కడ మా చిన్నమ్మ గురించి చెప్పాలి. ఆమెకి ముప్ఫై మూడేళ్లప్పుడు, నేను ఇంటర్ చదువుతుండగా, తెల్లబట్ట అవుతోందని మా దగ్గరి టౌన్లో ఒక నర్సింగ్ హోమ్‌కి పోయింది. స్కానింగ్ తీసి, ఇప్పుడే తీసెయ్యకపోతే క్యాన్సర్ వస్తుందన్నారట. రెండెకరాల చెలక కుదువపెట్టి పెద్దాపరేషన్ చేయించుకుంది. కాగితం మీద సంతకం పెట్టింది. ఏడో తరగతి దాకా చదివిన ఆమెకి తెలుగు బాగానే వచ్చు. కాగితం మాత్రం ఇంగ్లీషులో ఉంది. ఏడాది తిరక్కుండా ఒళ్లు సెగలు, ఎముకల నొప్పులు, నిద్ర లేకపోవడం, ఊరికే ఏడుపు, కోపం. మళ్లీ చూపించడానికి తీసుకుపోతే అక్కడి డాక్టరు మా బాబాయితో, “కొంచెం హిస్టీరికల్‌గా ఉన్నారు, పట్టించుకోకండి” అన్నాడట. గర్భాశయం తీసేసిన మనిషికి ఆ మాట.

కోచింగ్ సెంటర్‌లో చేస్తున్న రోజుల్లోనే ఒకసారి ఊరికి పోతే, చిన్నమ్మ ట్రంకుపెట్టె అడుగునుంచి డిశ్చార్జి కాగితం తీసి ఇచ్చింది. “నువ్వు ఇంగిలీసు సార్లకు కూడా చెప్తున్నవంట గదనే, ఇండ్ల ఏం రాసిండ్రో సూడు” అంది. హిస్టెరెక్టమీ అని ఉంది. అది తెలుసు. దాని పక్కన బైలేటరల్ సాల్పింగో ఊఫరెక్టమీ అని ఉంది. నాకు తెలీలేదు. మూడువేల అయిదువందల మాటలు అప్పటికి నాకు కంఠతా వచ్చు. టర్మగెంట్ వచ్చు. ఊఫరెక్టమీ రాదు. పట్నం వచ్చి డిక్షనరీ చూశాను. రెండు వైపుల నాళాలు, అండాశయాలు కూడా తీసేశారు. ఆమెకి ఎవరూ చెప్పలేదు. గర్భసంచి ఒక్కటే పోయిందనే ఆమె అన్నేళ్లూ అనుకుంది. ముప్ఫై మూడేళ్లకే ముట్లుడిగిన వయసు ఎందుకొచ్చి పడిందో, ఆ కోపం ఎక్కడిదో ఆ ఒక్క మాటలో ఉంది. నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2015–16 నాటిది, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయం తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం అని చెప్పింది. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. ఇంతమంది ఆడవాళ్ల ఒంటి మీద కత్తి పెట్టిన మాట ‘అడ్వాన్స్‌డ్ వొకాబులరీ’ కాదట. అది టెక్నికల్ టర్మట. నేర్చుకుంటే మార్కులు రావు.

ఏది ఉన్నతమైన మాట, ఏది కాదు అని తేల్చేది అవసరం కాదు, ఆ మాట ఎవరి నోటి నుంచి వస్తుందన్నదే. శశి థరూర్ 2017లో ఫరాగో అని ఒక ట్వీట్‌లో రాస్తే దేశమంతా డిక్షనరీలు తెరిచింది. 2020లో ఆయన మాటల మీద ‘థరూరోసారస్’ అనే పుస్తకమే వచ్చింది. ఆయన సరదా ఆయనది, నాకేం పేచీ లేదు. అదే పని ఒక లెక్చరరమ్మ స్టాఫ్‌రూమ్‌లో చేస్తే ఏమంటారో ఊహించుకోండి. తెలియకపోతే వొకాబులరీ లేదంటారు, తెలిస్తే ఫోజు కొడుతోందంటారు.

ఇది చదివి, చూశారా, మేం ముందే చెప్పాం, అమ్మభాషే ముద్దు అని భాషాభిమానులు చప్పట్లు కొట్టొద్దు. వాళ్ల పిల్లలు ఏ మీడియంలో చదివారో అందరికీ తెలుసు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం తప్పనిసరి చేస్తూ ఇచ్చిన జీవోని 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసినప్పుడు కార్పొరేట్ స్కూళ్ల ఇంగ్లీషు జోలికి ఎవరూ పోలేదు. తెలంగాణలో 2022–23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. రావాల్సిందే. సావిత్రీబాయి ఫూలే 1854లోనే ఇంగ్లీషు నేర్చుకోండని తన వాళ్లకి కవిత్వంలో చెప్పింది. 2010లో ఉత్తరప్రదేశ్‌లోని బంకా గ్రామంలో దళితులు ఇంగ్లీషుని దేవతగా చేసుకుని గుడికి పునాది వేశారు. మా చిన్నమ్మకి ఇంగ్లీషు వచ్చి ఉంటే ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు కనీసం అడిగేది. నేను తిరగబడుతున్నది ఇంగ్లీషు మీద కాదు. చరిత్ర చెరిపేసి, పక్కన ఒక్క ముక్క అర్థం అతికించి అమ్మే సరుకు మీద. ఆ సరుకుని కొలబద్దగా పట్టుకుని, ఆలోచన ఉన్న పిల్లని కూర్చోబెట్టేసే మన అలవాటు మీద.

మన అలవాటే అంటున్నాను. మన పత్రికల్లో వ్యాసాలు తీసి చూడండి, నావీ కలిపి. ‘ఏజెన్సీ’ అని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. మా ఊరివాళ్లకి ఏజెన్సీ అంటే భద్రాచలం అవతల అడవి. లేకపోతే గ్యాస్ బండ ఇచ్చే దుకాణం. స్త్రీ తన ఇష్టంతో తాను చేయగలగడం అని రాయడానికి నాకేం అడ్డొచ్చింది? పొడుగవుతుందని. సిద్ధాంతం తెలీదనుకుంటారని. ఇంగ్లీషు మాటలు తెలుగులోకి తేవడం తప్పు కాదు. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’ అని కవితకి పేరు పెట్టింది, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ అని పెట్టింది. ఆ మాటలకి పక్కన అర్థం రాయాల్సిన పని పడలేదు. ఆడవాళ్ల ఒంటికి అవి అప్పటికే తెలుసు. ఆసుపత్రి బల్ల మీద నేర్చుకున్న ఇంగ్లీషు అది. ఆ కవులు దాన్ని తీసుకొచ్చి కవిత్వంలో నిలబెడితే ముక్కులు మూసుకున్నవాళ్లూ ఉన్నారు. మనం వాళ్ల తర్వాతి తరం. మనం తెచ్చిన మాటల్లో ఎన్ని ఆ బల్ల మీదవి, ఎన్ని విదేశీ విశ్వవిద్యాలయాల ప్రెస్సులవి?

ఆ రోజు టీ దగ్గర పుస్తకం పేరు చెప్పలేదు గానీ, ఇంకేమీ చెప్పలేదు కూడా. ఈ సంగతులన్నీ ఆ అమ్మాయికి ఒక ఉత్తరంలో రాశాను, సెషన్‌లో నోరు విప్పనందుకు క్షమించమని అడిగాను. సదస్సు వ్యాసాల సంపుటి పని ఇప్పుడు నడుస్తోంది. సంపాదకుల్లో నేనూ ఒకదాన్ని. భాష దిద్దడానికి ఇచ్చినాయన ఆమె పేపర్లో ముండమోపి మీద ఎర్రగీత కొట్టి, విడో అని రాసి, కింది రెండు వాక్యాలూ తీసేసి పంపాడు. నేను గీతలన్నీ చెరిపి, అట్లాగే ఉంచమని మార్జిన్‌లో రాశాను. ప్రూఫులు ఆమెకి పంపాం. మొన్న తిరిగొచ్చాయి. రెండు వాక్యాల కింద మూడోది చేర్చింది. తన నాయనమ్మని ఆ మాట మొదట అన్నది ఎవరో, ఎవరి పొలంలో నాట్లు వేస్తున్నప్పుడో, ఆరోజు కూలి ఎంత కోశారో అందులో ఉంది.